తెల్ల ఎలుకను కొనిపెట్టమని పిల్లలు అడిగితే...

మే నెలలో ఒక మధ్యాహ్నం ఓ.పి. ముగించి లేవబోతుండగా ఒక తండ్రి తన కూతురిని వెంటబెట్టుకొని వచ్చారు. అమ్మాయికి తొమ్మిదేళ్ళుంటాయి. కుడిచేతి చూపుడువేలికి పసుపు దట్టంగా పట్టించి గుడ్డ చుట్టారు. తండ్రి చేతిలో చెప్పుల డబ్బా ఒకటుంది. "డాక్టరమ్మ గారూ, మా పాపను కరిచింది ఇదేనండి. దీనికి పిచ్చేమైనా ఉందేమో మీరు చూస్తారని పట్టుకొచ్చాను" అంటూ మూత తీశారు. లోపల ఒక తెల్ల ఎలుక ఉంది.

అది పొట్ట నేలకు ఆనించి చాపలాగా పరుచుకొని పడి ఉంది. మూతి చుట్టూ చొంగ కారి తడిసిపోయింది. తోక ఎర్రబడింది. నేను పిల్లల డాక్టరునే గాని పశువుల డాక్టరును కాను. అయినా పాప, ఎలుక - ఈ ఇద్దరిలో ఎవరి ప్రాణం మీదికి వచ్చిందో తెలుసుకోవడానికి పెద్ద చదువేమీ అక్కరలేదు.

పరీక్షల్లో మంచి మార్కులు వచ్చాయని ఆ తండ్రి రెండు వారాల క్రితం దానిని కొనిపెట్టారట. "ఏముందండీ, నాలుగు గింజలు వేస్తే పడి ఉంటుంది" అన్నాడట దుకాణం ఆయన. చిలకల పంజరంలో పెట్టి పడమటి వరండాలో రేకుల కింద వేలాడదీశారు. ఆ వేళ పాప పంజరం కమ్మీల మధ్య నుంచి బిస్కెట్టు ముక్క అందించబోతే వేలు పట్టుకొని కొరికింది. "ఇంటికి వెళ్ళగానే బకెట్లో ముంచేస్తానండీ" అన్నారు తండ్రి. పాప ఏడుస్తున్నది వేలు నొప్పితో కాదని అప్పుడు నాకర్థమైంది.

ఈ మధ్య పట్నాల్లోనే కాదు, మన చిన్న ఊళ్ళలో కూడా కుక్కపిల్లలు, చేపల తొట్లు అమ్మే దుకాణాలలో తెల్ల ఎలుకలు కనబడుతున్నాయి. కుక్కపిల్లతో పోలిస్తే వీటి ధర చాలా తక్కువ. చోటు కూడా ఎక్కువ పట్టదు. అద్దె ఇంటి యజమాని అభ్యంతరం చెప్పడు, ఎందుకంటే ఆయనకు తెలియదు. కాబట్టి పిల్లవాడు మారాం చేయగానే కొనేస్తున్నారు. నేను ఈ పత్రికలో చెప్పదలచిన మాట ఒక్కటే. ఎలుకను పెంచుకోవడం తప్పు కాదు, రోగాన్ని కొనితెచ్చుకోవడమూ కాదు. అయితే ధర తక్కువ కదా అని దాని బాధ్యత కూడా తక్కువే అనుకోవడం మాత్రం పొరపాటు. ఆ పొరపాటు పిల్లలను మా దగ్గరకు తెస్తుంది, ఎలుకను చెప్పుల డబ్బాలోకి చేరుస్తుంది. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటారు. ఇక్కడ పిల్లి లేకపోయినా సామెత సరిపోతుంది.

ముందుగా పెద్దవాళ్ళ భయం గురించి చెప్పాలి. ఎలుక అనగానే మన అత్తమామలకు ప్లేగు గుర్తుకొస్తుంది. 1994లో సూరత్ నుంచి వచ్చిన వార్తలు విని రైలు ప్రయాణాలు మానుకున్నవారు మనలోనే ఉన్నారు. ఆ భయం అర్థం లేనిదని నేననను. కాని మన అటక మీద తిరిగే నల్ల ఎలుక వేరు, గోడ కింద నేల తవ్వే పందికొక్కు వేరు, బియ్యం సంచికి చిల్లి పొడిచే చిట్టెలుక వేరు. (ఇంగ్లీషువారు 'బాండికూట్' అనే మాటను మన తెలుగు పందికొక్కు నుంచే తీసుకున్నారు. తరువాత దానిని ఏ సంబంధమూ లేని ఒక ఆస్ట్రేలియా జంతువుకు కూడా తగిలించారు.) దుకాణంలో అమ్మే ఎలుక గోధుమరంగు ఎలుక అనే మరో జాతిది. పందొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లాండులో జాక్ బ్లాక్ అని విక్టోరియా రాణి గారి ఎలుకలు పట్టేవాడొకడు ఉండేవాడు. వింత రంగుల ఎలుకలు దొరికితే చంపకుండా పెంచి, పిల్లలు పెట్టించి, ముచ్చటపడిన వాళ్ళకు అమ్మేవాడు. 1906లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో విస్టార్ సంస్థవారు పరిశోధనల కోసం తెల్ల ఎలుకల వంశాన్నొకదాన్ని పెంచడం మొదలుపెట్టారు. మన హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో ఆ వంశపు ఎలుకలను ఎన్నో దశాబ్దాలుగా పెంచుతున్నారు. మనం తినే తిండి గురించి తెలిసిన సంగతుల్లో చాలా వాటికి ఆ ఎలుకలకే రుణపడి ఉన్నాం. అన్ని తరాలుగా మనిషి చేతిలో పెరిగి, మనిషిని చూసి బెదరని స్వభావం దానికి వచ్చింది. కలుగులో దొరికిన ఎలుక పిల్లను తెచ్చి ఇంకుఫిల్లరుతో పాలు పోసి పెంచుతున్నామని కొందరు పిల్లలు నాతో చెబుతుంటారు. అది మాత్రం వద్దే వద్దు. అడవి పిల్లి పిల్లను తెచ్చి పెంచితే ఇంటి పిల్లి అయిపోదు కదా.

ఎలుకకు తెలివి ఎక్కువ. తోడు లేకపోతే బెంగ పెట్టుకుంటుంది. 2011లో షికాగో విశ్వవిద్యాలయంవారు ఒక ఎలుకను ఇరుకు గొట్టంలో బంధించి, దానితో కలిసి పెరిగిన ఎలుకను బయట వదిలి చూశారు. బయటి ఎలుక తంటాలుపడి తలుపు తీయడం నేర్చుకొని స్నేహితురాలిని విడిపించింది. పక్కనే చాక్లెట్ ముక్కలు పెట్టినా తలుపు తీసింది, చాలాసార్లు ఆ ముక్కల్లో స్నేహితురాలికి వాటా కూడా మిగిల్చింది. క్షయ రోగులున్న ఇళ్ళవారికి మరో ముచ్చట చెబుతాను. టాంజానియాలో అపోపో అనే సంస్థవారు ఆఫ్రికా జాతి పెద్ద ఎలుకలకు కఫం వాసన చూసి క్షయను పసిగట్టడం నేర్పారు. మైక్రోస్కోపులో దొరకని కేసులను కూడా కొన్నింటిని అవి పట్టిస్తున్నాయి. అవి మన తెల్ల ఎలుక జాతివి కావు లెండి, దాయాదులు.

అందుకే ఒక్క ఎలుకను ఎప్పుడూ కొనకూడదు. రెండు కొనాలి, రెండూ ఆడవే కావాలి లేదా రెండూ మగవే కావాలి. ఈ మాట అనుభవం మీద చెబుతున్నాను. చాలా ఏళ్ళ క్రితం మా అబ్బాయి ఆరో తరగతిలో ఉండగా, వాడి పోరు పడలేక రెండు ఎలుకలను కొన్నాం. దుకాణంలో "రెండూ ఆడవేనమ్మా" అన్నారు. డాక్టరునై ఉండి నేను తిప్పి చూడలేదు. మూడు వారాలు దాటేసరికి పంజరంలో కాగితం పేలికల మధ్య గులాబి రంగులో తొమ్మిది పిల్లలున్నాయి. ఆడ ఎలుక ఇంచుమించు 21 నుంచి 23 రోజులకు ఈనుతుంది. నాలుగైదు రోజులకొకసారి ఎదకు వస్తుంది, ఈనిన మరునాటికే మళ్ళీ చూలు కట్టగలదు. ఐదారు వారాల వయసుకే పిల్లలు కూడా ఆ పనికి సిద్ధం. లెక్క మీరే వేసుకోండి. మేము మగదాన్ని వేరు చేసేసరికి ఆలస్యం కాలేదు, అదొక్కటే మా అదృష్టం. ఆ తొమ్మిదింటిని తీసుకొమ్మని నర్సింగు హాస్టలులో అడిగాను, మావారి ఆఫీసులో అడిగాను, కాలనీలో ఇల్లిల్లూ అడిగాను. అందరూ నవ్వారు. చివరికి ఒక కాలేజీ జంతుశాస్త్రం మాస్టారు అన్నీ తీసుకుంటానన్నారు. అక్కడ వాటిని ఏం చేస్తారో నాకు తెలుసు కనుక ఇవ్వలేకపోయాను. పదకొండు ఎలుకలు నాలుగు పంజరాల్లో, చివరిది పోయేదాకా మా వెనుక వరండాలోనే ఉన్నాయి.

కాబట్టి కొనేటప్పుడు సిగ్గుపడకుండా తిప్పి చూడండి. ఐదు వారాలు దాటిన మగదానికి తోక మొదట్లో వృషణాలు స్పష్టంగా కనబడతాయి. ఆడదానికి పొట్ట మీద చనుమొనల వరుసలుంటాయి. దుకాణంలో ఆడా మగా ఒకే బోనులో కలిపి ఉంచితే అందులోని ఆడదాన్ని కొనవద్దు, అది అప్పటికే చూలుతో ఉండవచ్చు. అసలు అది ఎలుకేనా, తెల్ల చిట్టెలుకా అనేది కూడా చూసుకోవాలి. చాలామంది దుకాణదారులు రెంటినీ ఒకే పేరుతో అమ్ముతారు. ఎలుక పిల్లకు తల, పాదాలు ఒంటికి మించి పెద్దవిగా ఉంటాయి, తోక లావుగా ఉంటుంది. చిట్టెలుక సన్నగా, మూతి కోసుగా ఉంటుంది. ఈ తేడా ఎందుకంటే మగ ఎలుకలు రెండు చిన్నప్పటి నుంచీ కలిసి పెరిగితే స్నేహంగా ఉంటాయి, మగ చిట్టెలుకలు మాత్రం రక్తాలు కారేలా కొట్టుకుంటాయి.

ఆరోగ్యమైన ఎలుక మీ చెయ్యి బోనులో పెట్టగానే మూలకు నక్కకుండా వచ్చి వాసన చూస్తుంది. దానిని మెల్లగా చెవి దగ్గర పెట్టుకొని వినండి. ఊపిరిలో టిక్కుటిక్కుమని గాని, పిల్లికూతలుగా గాని చప్పుడు వినబడకూడదు. మాటిమాటికీ తుమ్మకూడదు. మైకోప్లాస్మా అనే సూక్ష్మజీవి వల్ల ఎలుకలకు ఊపిరితిత్తుల జబ్బు చాలా ఎక్కువగా వస్తుంది, ఒకసారి పట్టుకుంటే పూర్తిగా వదలదు. కళ్ళ చుట్టూ, ముక్కు దగ్గర ఎర్రని చార కనబడితే రక్తమని కంగారుపడవద్దు. అది కంటి వెనుక గ్రంథి నుంచి వచ్చే ఎర్రని ద్రవం. అయితే అలా కారుతున్న ఎలుక జబ్బుతోనో, బెదురుతోనో ఉందని గుర్తు. అటువంటి దానిని జాలిపడి కొంటే పిల్లవాడికి నెలలోపే దుఃఖం తప్పదు. 2018లో కేంద్ర ప్రభుత్వం పెంపుడు జంతువుల దుకాణాలకు నియమాలు చేసింది. వాటిలో కుక్క, పిల్లి, కుందేలుతో పాటు ఎలుకల జాతి కూడా చేరి ఉంది. దుకాణం రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర నమోదు కావాలి, తల్లిపాలు మానని పిల్లలను అమ్మకూడదు. నమోదు పత్రం ఉందా అని అడగండి. అడిగేవాళ్ళు లేకనే ఇవి కాగితాల్లో ఉండిపోతున్నాయి.

తిండి గురించి ఎక్కువ చెప్పను. ఎలుక మనం తినేవన్నీ తింటుంది, అందుకే తొందరగా కొవ్వు పడుతుంది. జొన్నలు, రాగులు, గోధుమలు, కాస్త అన్నం, ఉడికించిన పప్పు, క్యారెట్టు, దోసకాయ, ఆకుకూర, వారానికి ఒకసారి కోడిగుడ్డు ముక్క చాలు. పెద్ద ఎలుకకు రోజుకు 15 నుంచి 20 గ్రాముల తిండి సరిపోతుంది. పచ్చళ్ళు, వేపుళ్ళు, మిఠాయిలు, కూల్‌డ్రింకులు పెట్టకూడదు. ఎలుక వాంతి చేసుకోలేదు, లోపలికి వెళ్ళింది ఏదైనా లోపలే ఉండాలి. ముందు పళ్ళు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి గనుక కొరకడానికి ఒక చెక్క ముక్క వేయండి. పంజరం అడుగు ఇనుప వల కాకూడదు, పాదాలు పుండ్లు పడతాయి. చెక్క పొట్టు, అందులోనూ దేవదారు జాతి కలప పొట్టు, ఊపిరితిత్తులకు మంచిది కాదు. పాత కాగితాలు పేలికలుగా చింపి వేయడం అన్నిటికంటే మేలు. మన పత్రిక చదివిన తరువాత ఆ పనికి వాడుకున్నా నాకేమీ అభ్యంతరం లేదు. రెండు మూడు రోజులకొకసారి మార్చాలి. మూత్రపు ఘాటు మీ ముక్కుకు తగిలిందంటే ఎలుక ఊపిరితిత్తులకు అంతకు ముందే తగిలి ఉంటుంది.

పుస్తకాలు చదివి ఎలుకలు పెంచేవాళ్ళకు కూడా తెలియని కష్టం మన ఎండలు. ఆ పుస్తకాలు చలిదేశాలవాళ్ళు రాసినవి, వాటిలో చలిగాలి నుంచి కాపాడమని ఉంటుంది. ఎలుకకు మనలాగా ఒళ్ళంతా చెమట పట్టదు, కుక్కలాగా రొప్పి ఒళ్ళు చల్లబరచుకోవడమూ చేతకాదు. ఒంట్లో వేడిని ముఖ్యంగా తోక ద్వారా బయటకు పంపుతుంది. వేడి మించితే ఉమ్మి ఒంటికి పూసుకుంటుంది. 20 నుంచి 25 డిగ్రీల మధ్య దానికి హాయి. 30 దాటితే ఇబ్బంది, ఇంకా పెరిగితే ప్రాణాపాయం. గుంటూరులో, బెజవాడలో, ఖమ్మంలో రోళ్ళు పగిలే రోహిణి కార్తెలో రేకుల కింద వేడి ఎంత ఉంటుందో మీకు నేను చెప్పనక్కరలేదు. చెప్పుల డబ్బాలో నేను చూసింది వడదెబ్బ తగిలిన ఎలుకను.

వేసవిలో పంజరాన్ని ఇంట్లో అన్నిటికంటే చల్లగా ఉండే గదిలో, నాపరాళ్ళ నేల మీద పెట్టండి. ఒక చిన్న మట్టి కుండను అడ్డంగా పడుకోబెట్టి పైన తడిగుడ్డ వేస్తే అవే దూరి పడుకుంటాయి. నీళ్ళ సీసాను గడ్డకట్టించి గుడ్డలో చుట్టి పంజరంలో ఒక మూల పెట్టవచ్చు. కూలరు గాలి నేరుగా తగలనివ్వకండి. కరెంటు పోయినప్పుడు ఏం చేస్తారో ముందే ఆలోచించుకోండి. ఊరికి వెళ్ళేటప్పుడు తలుపులు, కిటికీలు బిగించి "గింజలు వేసి వచ్చాంలే" అనుకోవద్దు. వడదెబ్బ తగిలిందని అనుమానం వస్తే నీడకు తెచ్చి తోకను, పాదాలను చల్లని నీళ్ళతో తడపాలి. ఐసు నీళ్ళు వద్దు. తాగడానికి నీళ్ళు అందుబాటులో ఉంచి పశువైద్యుల దగ్గరకు తీసుకువెళ్ళాలి. అయితే మన పశువుల ఆసుపత్రులలో డాక్టర్లు గేదెలకు, మేకలకు, కోళ్ళకు అలవాటుపడినవారు. మీ ఊళ్ళో ఎలుకను చూసే డాక్టరు ఎవరున్నారో కొనక ముందే కనుక్కోండి. ఎవరూ లేరని తేలితే, కొనకపోవడానికి అదే తగిన కారణం.

ఇక కాటు సంగతి. ఎలుక ఊరికే కరవదు. కమ్మీల మధ్య నుంచి తిండి అందించడం అలవాటైతే అక్కడికి వచ్చినదల్లా తిండే అనుకుంటుంది. వేడికి, ఒంటరితనానికి చిరాకుపడి ఉన్నా, నిద్రలో పట్టుకున్నా, తోక చివర పట్టి ఎత్తినా కరుస్తుంది. తోక చివర పట్టుకుంటే చర్మం ఊడి చేతిలోకి వస్తుంది కూడా. రెండు చేతులూ దోసిలిగా పట్టి పొట్ట కింద నుంచి ఎత్తడం పిల్లలకు నేర్పండి.

కరిస్తే వెంటనే ధారగా పడే నీళ్ళ కింద సబ్బుతో పది పదిహేను నిమిషాలు కడగండి. పసుపు, సున్నం, కారం పూయవద్దు, గట్టిగా కట్టు బిగించవద్దు. ధనుర్వాతం ఇంజక్షను సంగతి డాక్టరు చూస్తారు. రేబిస్ టీకా ఎలుక కాటుకు సాధారణంగా అవసరం ఉండదు, ఆ నిర్ణయం కూడా డాక్టరుకే వదలండి. తల్లిదండ్రులు గట్టిగా గుర్తుంచుకోవలసినది మరొకటుంది. ఆరోగ్యంగా కనబడే ఎలుక నోటిలో, గొంతులో కూడా ఎలుక కాటు జ్వరాన్ని కలిగించే బాక్టీరియా ఉండవచ్చు. గాయం మానిపోతుంది. మూడు రోజులకో, పది రోజులకో, ఒక్కొక్కసారి మూడు వారాలకో చలితో జ్వరం వస్తుంది, కీళ్ళు నొప్పులు పుడతాయి, అరచేతుల్లో, అరికాళ్ళలో దద్దుర్లు లేస్తాయి. అప్పటికి కాటు సంగతి అందరూ మరచిపోయి ఉంటారు. మలేరియా, టైఫాయిడ్, డెంగ్యూ పరీక్షలు చేస్తూ రోజులు గడిచిపోతాయి. పెన్సిలిన్‌తో నయమయ్యే ఈ జబ్బు అశ్రద్ధ చేస్తే గుండె కవాటాల దాకా పోగలదు, ప్రాణం కూడా తీయగలదు. "డాక్టరు గారూ, రెండు వారాల క్రితం ఎలుక కరిచింది" అనే ఒక్క మాట మీరు చెప్పగలిగితే మా పని సగం అయిపోతుంది. కాటు లేకుండా కూడా ఇది రావచ్చు. 1926లో అమెరికాలోని హేవర్‌హిల్ పట్నంలో పాల ద్వారా చాలామందికి సోకింది. అందుకని ఎలుకకు ముద్దులు పెట్టడం, కంచం దగ్గర తిరగనివ్వడం వద్దు. ముట్టుకున్న ప్రతిసారీ చేతులు సబ్బుతో కడగాలి.

పెంపుడు ఎలుకలకు ఏ జబ్బులూ ఉండవనే వాళ్ళూ ఉన్నారు. 2017లో అమెరికాలో పెంపుడు ఎలుకల నుంచి సియోల్ వైరస్ 17 మందికి సోకింది. ఆ ఎలుకల అమ్మకాలు, కొనుగోళ్ళు 11 రాష్ట్రాలకు పాకి ఉన్నాయని తేలింది. లెప్టోస్పైరోసిస్ మన వరి పొలాల్లో ఎలుకల మూత్రం వల్ల వచ్చే జబ్బు, కేరళవారు ఎలిప్పని అంటారు. ఇంట్లో శుభ్రంగా పెరిగే ఎలుక వల్ల దాని భయం తక్కువే. కాని పంజరంలోని గింజల కోసం బయటి ఎలుకలు చేరాయంటే ఆ భయమూ లోపలికి వచ్చినట్లే. బయటి ఎలుకలు చేరగానే మనవాళ్ళు మందు తెచ్చి పెడతారు. పంజరం ఉన్న ఇంట్లో, పిల్లలున్న ఇంట్లో ఆ మందు వద్దని చేతులు జోడించి చెబుతున్నాను. పచ్చ భాస్వరంతో చేసిన ఎలుకల మందు ముద్ద కాలేయాన్ని నాశనం చేస్తుంది, దానికి విరుగుడు లేదు. దాని వల్ల పిల్లలు పోవడం నేను చూశాను. బోను పెట్టండి, కంతలు పూడ్చండి, గింజలు మూతబిగువు డబ్బాలో పోయండి.

ఐదేళ్ళలోపు పసివాళ్ళు, గర్భిణులు ఉన్న ఇంట్లోకి ఎలుక వద్దు. కీమోథెరపీ తీసుకుంటున్నవారు, మూత్రపిండం మార్పిడి చేయించుకున్నవారు, హెచ్.ఐ.వి. ఉన్నవారు, చాలాకాలంగా స్టెరాయిడ్లు వాడుతున్నవారు కూడా దూరంగా ఉండాలి. ఉబ్బసం ఉన్న పిల్లలకు ఎలుక మూత్రం, ఉమ్మి పడకపోవచ్చు. ఇక్కడ నేను మెత్తబడను. బిడ్డ ఎంత ఏడ్చినా ఆ ఏడుపు రెండు రోజుల్లో తగ్గిపోతుంది.

మరో కష్టం గురించి తల్లిదండ్రులు ఆలోచించరు. ఎలుక ఆయుష్షు రెండేళ్ళు, మహా అయితే మూడేళ్ళు. ఆడవాటికి రొమ్ము గడ్డలు తరచుగా వస్తాయి. నాలుగో తరగతిలో కొనిపెట్టిన ఎలుక చావును పిల్లవాడు ఆరో తరగతిలో చూస్తాడు. మా అబ్బాయి తన మొదటి ఎలుకను వేపచెట్టు కింద పూడ్చి వచ్చి రాత్రి అన్నం తినలేదు. "ఎలుకే కదరా, ఇంకోటి కొంటాంలే" అని నేనన్నాను. ఆ మాట అని ఉండకూడదని ఇప్పటికీ అనిపిస్తుంది. అంతకంటే అన్యాయం, సరదా తీరాక పొలం గట్టు మీద వదిలేసి రావడం. కలుగు తవ్వడం, గద్దను చూసి దాక్కోవడం తెలియని తెల్లని జంతువు పచ్చని చేలో ఒక్క పూట కూడా బతకదు.

ఆ రోజు పాప వేలు కడిగి, కట్టు కట్టి, ఇంజక్షను చేసి, ఎలుక తోకను కుళాయి నీళ్ళతో తడిపి పంపించాను. అది ఆ రాత్రే చనిపోయిందని మూడో రోజు డ్రెస్సింగుకు వచ్చినప్పుడు చెప్పారు. బకెట్టు అవసరం పడలేదు. పాప నన్ను ఒక్కటే అడిగింది, "ఎండకు పోయిందా అండీ, నన్ను కరిచినందుకు నాన్న కొట్టారనా?" అని. ఎండకేనమ్మా అన్నాను. తొమ్మిదో రోజు పాపకు జ్వరం వచ్చింది. నేను సెలవులో ఉన్నాను. డ్యూటీ డాక్టరు అడగకముందే తండ్రి ఎలుక కాటు సంగతి చెప్పారట. సరైన మందు ఆ పూటే మొదలుపెట్టారు. వారం తిరిగేసరికి పాప మామూలుగా అయింది.

మొన్న ఏప్రిల్‌లో హైదరాబాద్ నుంచి మా మనవడు ఫోను చేశాడు. "అమ్మమ్మా, తెల్ల ఎలుక కావాలి, నువ్వు చెబితే అమ్మ ఒప్పుకుంటుంది" అన్నాడు. వాడికి పదేళ్ళు. ఇంట్లో చంటిపిల్లలు లేరు. రెండు కావాలని, రోజూ తనే శుభ్రం చేస్తానని ముందుగానే అన్నాడు, ఎవరో నేర్పినట్లున్నారు. ఈ ఎండల్లో వద్దని చెప్పాను. వానలు పడి నేల చల్లబడ్డాక, ఆగస్టులో నేనే వచ్చి దుకాణానికి తీసుకువెళ్ళి, ఒక్కొక్కదాన్నీ తిప్పి చూసి కొనిపెడతానన్నాను. ఈలోగా పంజరం ఎక్కడ పెడతాడో బొమ్మ గీసి పంపమన్నాను. పంపాడు. టీవీ పక్కన గీశాడు. అక్కడ మధ్యాహ్నం ఎండ పడుతుంది, మళ్ళీ గీయమని చెప్పాను.